నాలుగంచుల చప్పుడు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది, దానికి మందు లేదు. మా పెరట్లో పనసకాయ గుమ్మడికాయంత కాస్తే నేను మేకపిల్లంత అంటాను. తుష్నాబాద్ బస్సు కాస్త ఆలస్యమైతే, అందులో ఎక్కిన కుర్రాళ్ళకు దిగేసరికి మీసాలొచ్చాయంటాను. నేను బళ్ళో చెప్పేది లెక్కలు కనక సరిపోయింది. చరిత్రే గనక చెప్పి ఉంటే ఈపాటికి ఎన్ని యుద్ధాలు అదనంగా జరిగి ఉండేవో! అందుకని ఇది చదివేవాళ్ళు ప్రతి వాక్యంలోంచీ ఒక పావు వంతు తీసేసుకోండి. మిగిలినదాంట్లో పచ్చి కల్పన ఒక్కటే ఉంది. అదేమిటో చివర్లో నేనే చెబుతాను.

మేముండేది సముద్రం మధ్య దీవిలో, ఆస్టినాబాద్‌లో, ఎత్తు మీద ఇల్లు. నిజానికది మా అత్తగారిది. ఆవిడ ఆ ఇంటి వెనక గదిలో కూర్చుని కాలి మిషను తొక్కి ఇద్దరు కూతుళ్ళను పెంచింది. మా తెలుగు సంఘంలో తెల్లగౌను వేసుకుని పెళ్ళి చేసుకున్న ఏ పిల్లనైనా అడగండి, ఆ గౌను మా అత్తగారి చేతి మీదుగా వచ్చిందే. ఆవిడ కొలతలకు టేపు వాడేది కాదు. మనిషిని తలుపు దగ్గర నిలబెట్టి ఒక చూపు చూసేది. ఆ చూపుకు నేను పెళ్ళిచూపుల నాడే మూడంగుళాలు సన్నబడ్డాను.

పెద్ద కూతురికి కుట్టు నేర్పింది. చిన్న కూతురికి, అంటే మా ఆవిడకు, నేర్పలేదు. "నీ చేతులు పిండి పిసకడానికే గానీ దారానికి పనికిరావు. నా మిషను ముట్టకు" అనేది. మా ఆవిడ నిజంగానే పిండిలో పడింది. చిన్నప్పుడు దబరాలో ఇసక పోసి, మూత మీద నిప్పులు పెట్టి కేకులు చేసేదట. ఇప్పుడు కరెంటు ఓవెను వచ్చింది. క్రిస్మస్ ముందు మా వీధిలో కుక్కలు కూడా వెనిల్లా వాసన వేస్తాయి.

అత్తగారు పోయాక ఏడాది దగ్గరపడే వరకూ ఆ గదిలోకి బల్లులు తప్ప ఎవరూ వెళ్ళలేదు. ఒకరోజు మా ఆవిడే తాళం తీసి, "ఈ గది సగం నాకు, సగం మీకు" అంది. నా సగం ఎందుకంటే, నాకు కొబ్బరిచిప్పలు, తీరానికి కొట్టుకొచ్చిన కర్రముక్కలు చెక్కే పిచ్చి ఉంది. నేను చెక్కిన ఏనుగును చూసి మా పక్కింటి దీదీ, "చిలగడదుంప బాగుంది భయ్యా, ఉడకబెట్టినదా?" అని అడిగింది.

గోడలకు సున్నం వేశాం. పడౌక్ చెక్కతో అరలు కొట్టించాం. ఒక వైపు ఓవెను, పిండి డబ్బాలు, జల్లెడలు. కిటికీ దగ్గర నా ఉలులు. కిటికీ అవతల, పనస చెట్టు కింద, పొట్టు రాలే పనికి నా బల్ల. మిషను మాత్రం కదల్లేదు. బరువు అలాంటిది. దాన్ని మూల నుంచి లాగాలంటే జెట్టీ నుంచి క్రేను తేవాలి. పైగా దానికి బెల్టు కూడా లేదు. పిల్లలు ఆడతారని అత్తగారు పని అయ్యాక బెల్టు తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టేది. బెల్టు లేని మిషను, తాడు లేని గిలక. ఉంటే ఏం చేస్తుందని అక్కడే ఉంచి, మీద ఒక గుడ్డ కప్పాం.

మొదటి కేకు పెట్టిన రోజు. భోజనాలయ్యాయి, బయట ఎండ తెల్లగా ఉంది. నేను వరండాలో పేపరు మొహం మీద వేసుకుని లోకజ్ఞానం పెంచుకుంటున్నాను. గదిలోంచి చప్పుడు మొదలైంది. గడగడగడగడ... ఆగింది. మళ్ళీ గడగడగడగడ... ఆగింది.

"ఏవండీ, ఝట్కా!" అని మా ఆవిడ అరిచింది.

ఈ మాట బయటివాళ్ళకు విడమర్చాలి. ఇక్కడ ఝట్కా, అంటే నేల కదలడం, వాన పడడం లాంటిదే. పుట్టిన దగ్గర్నుంచి ఒంటికి పట్టిన అలవాటు ఒకటుంది. ఏది కదిలినా కన్ను ఫ్యాను మీదికి పోతుంది, చెయ్యి మెయిను స్విచ్చు మీదికి, కాళ్ళు వాకిట్లోకి. ఆలోచించేది ఆ తరవాతే. అందుకే ఈ దీవుల్లో దయ్యాలకు బతుకుతెరువు లేదు. గోడ మీది ఫొటో దానంతట అదే వెనక్కి తిరిగినా సరే, "హల్కా ఝట్కా" అనేసి, ఫొటో సరిచేసి, చేపలు తోముకోవడానికి వెళ్ళిపోతాం.

మా ఆవిడ స్విచ్చు కట్టేసి, తలుపులన్నీ తీసి వాకిట్లోకొచ్చింది. గోడ మీంచి దీదీ తొంగి చూసింది.

"ఏటి భయ్యా, ఝట్కా ఆయా క్యా? మా ఇంట్లో ఏటీ కదల్లేదే!"

"మాకొచ్చింది దీదీ. మిషను కదిలింది."

"ఓలమ్మ! మీది ఎత్తు మీదిల్లు గదా, మీకే ముందొస్తాది" అని ఆవిడే తీర్పు చెప్పేసింది.

లోపలికెళ్ళి చూస్తే కేకు నడుమ కూలిపోయి ఉంది. ఆ గోతిలో కోడిని పొదగేయొచ్చు. పారెయ్యడం ఎందుకని నేనే తిన్నాను.

తరవాత కేకూ అంతే. ఆ తరవాతదీ అంతే. ఓవెన్లో పిండి పొంగడం మొదలయ్యే వేళకు మూలలో గడగడ మొదలయ్యేది. స్విచ్చు, తలుపులు, వాకిలి, గొయ్యి. నా చొక్కా బొత్తాములు ఒక్కొక్కటే రాజీనామా చేస్తున్నాయి.

ఒకరోజు నేను వాకిట్లోకి పరుగెత్తలేదు. బద్ధకమే అనుకోండి. గది గడపలో నిలబడి ఫ్యాను చూశాను. అది కదలడం లేదు. కాలెండరు కదలడం లేదు. బల్ల మీద గ్లాసులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మిషను మీది గుడ్డ కొస మాత్రం ఊగుతోంది. దాని కింద పెడలు ముందుకీ వెనక్కీ ఆడుతోంది, చక్రం తిరుగుతోంది. అప్పుడే చెవి పెట్టి విన్నాను. ఒక నిడివి తొక్కుడు, చిన్న విరామం. అదే నిడివి, మళ్ళీ విరామం. అలా నాలుగుసార్లు నడిచి నిలిచిపోయింది. రుమాలుకు అంచు కుట్టేవాళ్ళను ఎప్పుడైనా చూశారా? ఒక వైపు కుట్టి, మూల దగ్గర ఆగి, గుడ్డ తిప్పుకుని రెండో వైపు కుడతారు. భూకంపాలు చాలా చూశాను గానీ, మూల దగ్గర ఆగి గుడ్డ తిప్పుకునే భూకంపాన్ని నేను చూడలేదు.

నా మెడ మీద వెంట్రుకలు నిలబడ్డాయి. అక్కడ ఉన్నవి తక్కువే గానీ, ఉన్నవన్నీ నిలబడ్డాయి. భయం వేస్తే నాకు వేళాకోళం వస్తుంది. వాకిట్లోకెళ్ళి, "మీ అమ్మ మళ్ళీ ఆర్డర్లు తీసుకుంటున్నట్టుందే" అన్నాను.

మా ఆవిడ నవ్వలేదు.

"ఫ్యాను నేనూ చూశానండి" అంది నెమ్మదిగా. "మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను."

"మరి ఝట్కా అన్నావు?"

"మరేమనను? అమ్మకి ఇష్టం లేదండీ. నేనా గదిలో పిండి కలపడం ఆవిడకి ఇష్టం లేదు. ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

 

ఆదివారం అత్తగారి జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు గారు, సంఘం అంతా వస్తారు. మాయాబందర్ నుంచి మా వదిన, అంటే మా ఆవిడ అక్క, శనివారం పొద్దుటికే దిగుతానంది. మా ఆవిడ మాట తేల్చి చెప్పేసింది. "కూడికకి కేకు ఆ గదిలోనే చేస్తాను. అదీ కూలిందంటే తాళం వేసేస్తాను. ఓవెను సండే స్కూలుకి ఇచ్చేస్తాను. మళ్ళీ పిండి ముట్టను." ఆ మాట ఏడుస్తూ చెప్పి ఉంటే నేను భయపడేవాణ్ణి కాను. బియ్యంలో రాళ్ళేరుతూ చెప్పింది.

నేను లెక్కల మేష్టారిని. ఎలకేమో, పిల్లేమో, పెరట్లోంచి వచ్చిన పీతేమో తేల్చుకుందామని శుక్రవారం మిషను చుట్టూ, పెడలు మీద కూడా, జల్లెడతో మైదా చల్లాను. మధ్యాహ్నం గడగడ వినిపించింది. ఆగాక వెళ్ళి చూశాను. నేల మీద మైదా చల్లింది చల్లినట్టే ఉంది, చీమ నడిచిన గీత కూడా లేదు. తుడిచేసి బయటికొచ్చేశాను.

శనివారం వదిన వచ్చింది. టీలు తాగాక అక్కచెల్లెళ్ళిద్దరినీ గదిలోకి పిలిచి, మిషను మీద గుడ్డ ఎత్తి చూపించాను. పెడలు చివర చేపల గాలపు దారం కట్టి ఉంది. కంటికి ఆననంత సన్నం. అది గోడ వారగా పోయి, కిటికీ చువ్వల మధ్య నుంచి బయటికెళ్ళి, నా బల్ల కాలికి చుట్టుకుంది.

"నేనే" అన్నాను. "బయట కూర్చుని లాగుతున్నాను. వరండాలో ఉన్న రోజుల్లో కూడా దొడ్డిదారిన వచ్చి లాగిపోయేవాణ్ణి. మీ అమ్మ ఎలా కుట్టేదో అలాగే లాగాను. బాగా కుదిరింది కదూ?"

మా ఆవిడ దారం వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎందుకండీ?"

"నవ్వుతావని."

పిండి కలిపే చెక్క గరిటె నా చెవి పక్క నుంచి వెళ్ళింది. గాలికే చెవి తిరిగిపోయింది. వదిన పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది.

"మరిదీ, మీ వయసు ఓడెక్కి చాలా దూరం పోయింది గానీ, మీ బుద్ధి ఇంకా జెట్టీ మీదే నిలబడుంది!"

"నేనొక పిచ్చిదాన్ని, అమ్మ అనుకుని రాత్రంతా ప్రార్థన చేసుకున్నానక్కా" అంటూ మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. కళ్ళు తుడుచుకుని, నడుముకు కొంగు బిగించి, గుడ్లు కొట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం కేకు ఓవెన్లో ఉంది. నేను కిటికీ బయట బల్ల దగ్గర ఏనుగును సవరిస్తున్నాను. గడగడ మొదలైంది.

"ఆపండక్కడ!" లోపల్నుంచి కేక. "సిగ్గు లేదూ? కేకు పొంగుతోంది!"

ఈసారి ఆవిడ స్విచ్చు కట్టెయ్యలేదు. తలుపులు తియ్యలేదు. వాకిట్లోకి పరుగెత్తలేదు. ఓవెను ముందు పీట వేసుకుని కదలకుండా కూర్చుంది. కేకు లేచింది చూడండీ, మా దీవుల్లోకెల్లా ఎత్తైన సాడిల్ పీక్ కొండ పక్కన పెడితే కొండే కాస్త పొట్టిగా కనిపించేది. అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ మిషను ఒక్క కేకునూ కూల్చలేదు. సగం ఉడికిన పిండికి వేడి ఆపేసి చల్లగాలి తగిలించింది మా ఝట్కా అలవాటే.

ఆదివారం ప్రార్థన అయ్యాక కేకు కోశారు. పాస్టరు గారు రెండో ముక్క తనే అడిగి తీసుకున్నారు. అందరూ వెళ్ళాక మా ఆవిడ డబ్బాలోంచి బెల్టు తీసింది. వదిన దాన్ని ఎక్కించింది, నూనె వేసింది. అత్తగారి పాత చీర ముక్క మడత పెట్టి, వేడి పళ్ళేలు పట్టుకునే గుడ్డ ఒకటి మా ఆవిడే కుట్టింది. కుట్టు వంకర టింకరగా వచ్చింది. పని అయ్యాక, ఎవరూ చెప్పకుండానే, బెల్టు తీసి డబ్బాలో పెట్టేసింది.

ఇక నా బాకీ. కల్పన ఏదో చెబుతానన్నాను.

దారం. ఆ దారం శనివారం పొద్దున మా ఆవిడ వదినను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళినప్పుడు నేను కట్టాను. అంతకు ముందు లేదు. కట్టాక కూడా నేను దాన్ని ఒక్కసారీ లాగలేదు. కేకు పొంగుతున్నప్పుడు నా ఒక చేతిలో ఉలి ఉంది, రెండో చేతిలో ఏనుగు ఉంది. దారం వదులుగా నేల మీద పడి ఉంది. శుక్రవారం మైదా గురించి కూడా మీకు సగమే చెప్పాను. నేల మీద మైదా చెదరలేదన్నది నిజం. పెడలు మీదిది మాత్రం రెండు చోట్ల చెరిగిపోయి ఉంది, పక్కపక్కనే, రెండు పాదాలు ఆనేంత మేర. మా ఆవిడ చూడకముందే లుంగీ అంచుతో తుడిచేశాను. నా మాట నమ్మని మనిషి, తప్పు నాదంటే మాత్రం వెంటనే నమ్ముతుందని నాకు తెలుసు.

వదిన నమ్మలేదు. కేకు వేళ ఆవిడ మిషనుకు ఎదురుగా కూర్చుని ఉంది. మాయాబందర్ బస్సెక్కుతూ, చెల్లెలు టికెట్టు తీసుకుంటుంటే, నా దగ్గరగా వచ్చి, "మరిదీ, ఆ దారం విప్పకండి" అంది. 

విప్పలేదు. అది అలాగే ఉంది. నిన్న మధ్యాహ్నం నేను పెరట్లో, కిటికీకి చాలా దూరంగా, పనసకాయ కోస్తున్నాను. ఓవెన్లో బిస్కెట్లు ఉన్నాయి. గడగడ మొదలైంది. ఒక వైపు. రెండో వైపు.

"ఏవండీ, ఇంక చాలు! ఆపండి!" అంది మా ఆవిడ లోపల్నుంచి, విసుగ్గా, ముద్దుగా.

"ఆపేస్తున్నానే!" అన్నాను, కత్తి పట్టుకుని నిలబడి.

ఆగలేదు. మూడో వైపు అయింది. మూల దగ్గర చిన్న విరామం. నాలుగో వైపు కూడా తీరుబడిగా పూర్తి చేసుకుని, అప్పుడు ఆగింది.