పాసు పుస్తకంలో లేని పేరు

నా చిన్నప్పుడు, తుఫాను వానకు మా పద్మనాభం ఊరి వైపు వరి చేలు వారం రోజులు నీళ్లలో నానిన ఏడాది, మా తాతయ్య నాకొక అబద్ధం నేర్పాడు. ఆఫీసరెవరైనా వచ్చి మీ పొలం ఏదని అడిగితే తెలియదని చెప్పాలి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు.

నిజానికి ఆ పొలం మాది కాదు, విశాఖలో ఉండే కామందుది. తాతయ్య ఏళ్ల తరబడి దాన్ని కౌలుకు చేస్తున్నాడు. కాగితం లేదు, అంతా నోటిమాటే. పంట పోయినవాళ్లకు ప్రభుత్వం సాయం ఇస్తోందని తెలియగానే కామందు కబురు పంపాడు. పొలం పాసు పుస్తకం తన పేరున ఉంది కాబట్టి సాయం తనకే రావాలట. కౌలు సంగతి ఎవరైనా ఎత్తితే మళ్లీ పొలంలో కాలు పెట్టనివ్వడట. ఆ కబురు విన్నప్పటి నుంచి మా ఇంట్లో అందరూ గొంతు తగ్గించే మాట్లాడేవారు. బడికి వెళ్లే దారిలో ప్యాంటు వేసుకున్న కొత్త మనిషి ఎవరు ఎదురైనా నేను గట్టు దిగి దాక్కునేదాన్ని.

ఒకరోజు మా బడి వరండాలోనే సాయం అందేవాళ్ల జాబితా చదివారు. ఆఫీసరుగారి పక్క కుర్చీలో కామందు కూర్చున్నాడు. నేను తాతయ్య పంచె పట్టుకుని నిలబడ్డాను. చదివిన పేర్లలో సగంమంది చేలో దిగగా నేనెప్పుడూ చూడలేదు. తప్పులుంటే చెప్పమన్నారు ఆఫీసరుగారు. ఎవరూ తలెత్తలేదు. ఆయన చూపు తిరిగి తిరిగి నామీద ఆగింది. మీ తాతయ్య ఏ పొలం చేస్తాడమ్మా అని నవ్వుతూ అడిగారు. నేర్చుకున్న మాట కూడా బయటికి రాక ఏడ్చేశాను.

అప్పుడు పక్కింటి పిన్ని లేచింది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, అదే కామందు దగ్గర అర ఎకరం కౌలుకు చేసేది. కొంగు నడుముకు బిగించుకుంది.

"పిల్లనెందుకు అడుగుతారు బాబూ. ఈ బాబు సేను నాను సేత్తన్నాను. ఇత్తనాలు నాను కొన్నాను, నాట్లు నానేసేను. కుళ్లిపోయింది నా పంట."

కామందు ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. సాక్షులెవరైనా ఉన్నారా అని ఆఫీసరుగారు అడిగారు. ఎవరూ కదల్లేదు. నా భుజం మీద తాతయ్య చేయి బిగుసుకుంది. కాసేపటికి ఆ చేయి తీసేసి, మెల్లగా నడిచి వెళ్లి పిన్ని పక్కన నిలబడ్డాడు.

"నాను సూసేను బాబూ. నాదీ అదే కత."

ఆఫీసరుగారు ఇద్దరి పేర్లూ రాసుకున్నారు. కానీ ఆ ఏడు సాయం పాసు పుస్తకం ఉన్నవాళ్లకే వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి, రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడైతే చాలు, తాతయ్య నోటిదాకా వెళ్లిన ముద్ద అక్కడే ఆగిపోయేది. చివరికి కామందు రానే వచ్చాడు. పిన్ని అర ఎకరం లాక్కుని వేరేవాళ్లకు ఇచ్చేశాడు. మాది పల్లపు పొలం, అడిగేవాళ్లు లేక మాకే వదిలేశాడు. తొలకరికి తాతయ్య అందులోనే ఒక మడి పిన్నికిచ్చాడు, కామందుకు చెప్పకుండా. ఆ భయం కూడా కొన్నేళ్లు మోశాం.

ఆ రోజు నీకు భయం వెయ్యలేదా అని తర్వాతెప్పుడో తాతయ్యను అడిగాను.

"ఏసింది. ఇప్పటికీ ఏత్తంది. అయితే మీ పిన్నినొక్కర్తినీ అలా నిలబెట్టి ఒగ్గీలేకపోయేను."

నేను ధైర్యవంతురాలిని కాను. ఈ వయసులో కూడా మండలాఫీసు బల్ల ముందుకు వెళ్తే భయం వేస్తుంది. కానీ జాబితాలో పేరు లేదని ఎవరినైనా వెనక్కి పంపుతుంటే, ఆ భయంతోనే వెళ్లి వాళ్ల పక్కన నిలబడతాను. మొదటి మాట ఎప్పుడూ తడబడుతుంది. రెండో మాటకు గొంతు వస్తుంది.