మైకు ముందు బాబాయి

ఈ ఉదయం ఫోన్‌కి మళ్లీ ఆ వీడియో వచ్చింది. అందులో ఉన్నది మా బాబాయని పంపినవాళ్లకు తెలియదు. కింద నవ్వే బొమ్మలు కూడా పెట్టారు. కాఫీ చల్లారిపోయింది గానీ ఆ వీడియో తెరవడానికి నాకు చెయ్యి రాలేదు.

బాబాయి, అంటే మా పిన్ని భర్త, చల్లపల్లి మనిషి. బస్సు ఆపమనడానికి మొహమాటపడి, పక్క ఊళ్లో దిగి నడిచొచ్చిన ఘనుడు. చర్చిలో సాక్ష్యాల వేళకు మెల్లగా స్తంభం వెనక్కి జరిగేవాడు. సాక్ష్యమంటే మైకు పట్టుకుని, దేవుడి ఎదుట ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కసారీ చెప్పలేదు. ఆ వీడియో తీసిన ఏడాది ఆయన గొంతు బొంగురుపోయింది. పిన్ని అడిగితే దుమ్ము పడట్లేదనేవాడు. ఆ మాట పిన్నీ నేనూ నమ్మలేదు, అలాగని గట్టిగా అడగనూ లేదు.

కాస్త నవ్వుతారని గవర్నర్‌పేటలో కామెడీ షోకి వాళ్లను లాక్కెళ్లింది నేనే. ఆలస్యంగా వెళ్తే ముందు వరసే మిగిలింది. అదెందుకు మిగులుతుందో నాకప్పుడు తెలియదు. లైట్లు ఆరాయి. స్టేజీ మీది అమ్మాయి ఒక్కొక్కరినీ ఆటపట్టిస్తూ మా వైపు వస్తుంటే బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ అమ్మాయి మైకు ఆయన చేతికిచ్చి, పిన్నిగారి దగ్గర దాచిన సంగతి ఒకటి చెప్పమంది.

చేతికి మైకొస్తే ఏం చెయ్యాలో బాబాయికి ఒక్క పద్ధతే తెలుసు. చెప్పులు విడిచి లేచి నిలబడ్డాడు.

"అందరికీ వందనాలండి," అన్నాడు. హాలంతా గొల్లుమంది. "గొంతులో గడ్డుందండి. క్యాన్సరన్నారు. మా ఆవిడకి చెప్దామంటే రెండు నెల్ల నించీ నోరు రాట్లేదండి. ప్రార్థన చెయ్యండి."

జనం చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా నవ్వబోయి, పిన్ని మొహం చూసి ఆగిపోయింది. పిన్ని వంగి, చెప్పులు ఆయన కాళ్ల దగ్గరకు జరిపి, "పదండి" అంది. నా మీద నాకు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు.

ఆపరేషన్‌లో మనిషి దక్కాడు, గొంతు పోయింది. ఏం కావాలన్నా నోటుబుక్కులో రాస్తాడు. వచ్చేవారం మళ్లీ స్కానింగ్‌కి రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు. ఆయన గొంతు ఇంట్లో ఇంకెక్కడా రికార్డయి లేదు, పెళ్లి వీడియోలో కూడా తలే ఊపాడు. అందుకని పిన్ని రోజూ ఆ షో వీడియోనే పెట్టుకుంటుంది. జనం నవ్వకముందే ఆపేస్తుంది. ముప్పై ఏళ్లు పక్కనే ఉన్న గొంతు, ఇప్పుడు ఆమెకు "అందరికీ వందనాలండి" అన్నంతసేపే ఉంటుంది.