భూకంపమేనా, అమ్మయ్య!

నేల కంపించడం మా అద్దంకి వైపు మరీ వింతేమీ కాదు. అందుకే కోనసీమలోని అంబాజీపేటలో సత్యవతి గారి హోటల్లో పెసరట్టు తింటుండగా కాళ్ల కింద గుర్రుమని, గ్లాసులో నీళ్లు వణికితే, అదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. ప్లేటు వదిలేసి వీధిలోకి ఒక్క పరుగు తీశాను.

వీధిలో నేనొక్కణ్ణే. లోపల సత్యవతి గారు స్టవ్వు కట్టేసి, "పొయ్యిలు ఆర్పేయండర్రా!" అని కేక పెట్టారు. ఆ కేక ఇంటి నుంచి ఇంటికి పాకింది. ఎదురుగా కొబ్బరికాయల లారీ స్టార్టు చేయబోతున్న డ్రైవరు తాళం లాగేశాడు. ఆ తర్వాతే అందరూ బయటికి వచ్చారు.

"గ్యాస్ పైపు పేలిందేమోనండీ. మా నేల కిందంతా అవే కదండీ, లీకైనప్పుడు నిప్పురవ్వ తగిలితే వీధి మిగలదండీ," అన్నారావిడ, గాలి వాసన చూస్తూ.

"కాదండీ, భూకంపం."

"భూకంపమేనా అండీ? అమ్మయ్య!"

వీధంతా నవ్వేసింది. భూకంపమని విని ఊపిరి పీల్చుకున్న జనాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఆవిడ కొంగు దోపుకుని వీధి ఆ చివరి దాకా చూశారు. "చూసేరా అండీ, ఒక్క పొయ్యి వెలగట్లేదు, ఒక్క బండి కదల్లేదు. ఇదండీ మా వీధి! మరి మీ ఊళ్లో ముందేం చేస్తారండీ?"

"బయటికి పరిగెడతాం."

"పొయ్యి ఆర్పకుండానేనా అండీ?"

నేను లోపలికెళ్లి మళ్లీ ప్లేటు ముందు కూర్చున్నాను. చల్లారిన అట్టు తీసేసి, ఆవిడ వేడిది వేసి పెట్టారు.

కిందటి నెల మా ఊళ్లో నేల మళ్లీ కదిలింది. మా వీధిలో అందరికంటే ఆఖరున, పొయ్యి ఆర్పి మరీ, బయటికి వచ్చింది నేనే.