రాజరత్నం మాస్టారి జావా పోలిక

రాజరత్నం మాస్టారు ఏ విషయం మాట్లాడినా జావా అనే కంప్యూటర్ భాషలో పాతదైన వన్ పాయింట్ జీరోని, దాని తరవాత వచ్చిన వన్ పాయింట్ వన్‌తో పోల్చకుండా ఉండలేరు. రావులపాలెం దగ్గర పాలిటెక్నిక్‌లో ఆయనా నేనూ కంప్యూటర్ పాఠాలు చెబుతాం. ఈ జబ్బు ఆయనకి పోయిన జూన్‌లో పట్టుకుంది.

ఒకరోజు టిఫిన్ హోటల్లో సర్వరు, "పెసరట్టు ఎవరికండీ?" అని కేక వేశాడు.

"చూశారా హరిబాబు గారూ, ఇది వన్ పాయింట్ జీరో అండి," అన్నారు మాస్టారు. "తెర మీద బటన్ నొక్కితే ఆ కబురు ప్యానెల్‌కి, అక్కణ్ణుంచి విండోకి, ఎవరో ఒకరు అందుకునేదాకా పైకి పోతూనే ఉంటుంది. వన్ పాయింట్ వన్‌లో అయితే, నాకు చెప్పమని ముందే పేరు ఇచ్చుకున్నవాడికే కబురు."

ఈలోపు మా పెసరట్టు పక్క టేబులువాళ్ళు తినేశారు.

ఓ పెళ్ళిలో, వరుడి పిన్ని అలిగిందన్న వార్త పందిరంతా పాకింది. "వన్ పాయింట్ జీరో," అని నిట్టూర్చారు మాస్టారు. పెళ్ళివారు అదేదో ఒంట్లో వేడి లెక్క అనుకుని ఆయనకి మజ్జిగ తాగించారు.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్షకి తుని నుంచి చంద్రరావు గారు ఎగ్జామినరుగా వచ్చారు. ఆశాజ్యోతి అనే అమ్మాయి రాసిన ప్రోగ్రాం నడిచింది గానీ, ఈ పద్ధతి పాతబడిందని తెర మీద హెచ్చరిక పడింది.

"ఏంటమ్మా ఇది? మీ అమ్మగారి కాలం నాటిది," అన్నారాయన.

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుంది. వాళ్ళమ్మ రూబీ గారు పెళ్ళికి ముందు కొనుక్కున్న జావా పుస్తకంతోనే నిజంగా తను చదువుతోంది.

మాస్టారు కుర్చీ లాక్కుని ఎగ్జామినరు పక్కన కూర్చున్నారు. "నేనే నేర్పానండి. రెండూ పోల్చి చూస్తేనే కదండీ, కొత్తది ఎందుకొచ్చిందో తెలిసేది. అసలు వన్ పాయింట్ జీరోలో ఏం జరిగేదంటే..."

భోజనాల వేళ దాటిపోయింది. "మార్కులు వేసేశానండి, ఇక నన్ను వదిలెయ్యండి," అన్నారు చంద్రరావు గారు నీరసంగా.

బయటికొచ్చాక అడిగాను. "సిలబస్‌లో లేనిది ఎందుకు నేర్పారండీ?"

"జూన్‌లో ఆ పిల్ల చేతిలో ఆ పుస్తకం చూశానండి. పాతదని తనొక్కదానికే చెబితే చిన్నబుచ్చుకుంటుంది. అందుకని రెండూ కలిపి క్లాసందరికీ మొదలెట్టాను."

"మరి హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో?"

"అది అలవాటైపోయిందండి."

వారం తరవాత రూబీ గారు మా ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. "కొత్తది నేనూ నేర్చుకోవచ్చాండీ?" అన్నారు మొహమాటంగా. మాస్టారు ఫ్యాను కింద కుర్చీ చూపించారు. ఆశాజ్యోతి పక్కన చేరి, "అమ్మా, ఇది మౌస్," అంది.

"నువ్వు పుట్టకముందే పట్టుకున్నానే," అని ఆవిడ కూతుర్ని కాస్త పక్కకి జరగమన్నారు.