వనపర్తి డాక్టరుకు నా డైరీ చూపించిన రోజు

నాలో ఏదో తేడా వచ్చిన రోజు నా డైరీలో ఉంది. ఎండాకాలం మొదట్లో ఒక బుధవారం. గద్వాల తహసీల్ కచేరీలో ముప్పై ఏళ్లు నకళ్లు రాసి, పని మానేసిన నాలుగో నెల. అంతవరకూ ప్రతి సాయంత్రం ఒక పుట నింపేవాణ్ణి: ఎండ, గాలి, బావిలో నీళ్లు, ఇంటికి వచ్చినవాళ్లు. ఆ రోజు కలం పట్టుకుంటే ఏమీ తోచలేదు. "పైప్రకారమే" అని రాసి మూసేశాను. ఒకే సంగతి మళ్లీ వస్తే కచేరీలో మేము అలాగే రాసేవాళ్లం.

మర్నాడూ అదే రాశాను. ఆ మర్నాడూ అదే. నిద్ర సగంలో తెగిపోయేది. అన్నం మట్టి తిన్నట్టుండేది. ఎవరైనా పలకరిస్తే జవాబు కోసం వెతుక్కోవలసి వచ్చేది.

నా భార్య లక్ష్మమ్మ, ఆమె తమ్ముడు సాయన్న నన్ను దవాఖానకు తీసుకుపోయారు. దారిలో సాయన్న హెచ్చరించాడు. "బావా, నిద్ర సంగతి ఎత్తకు. మనసు బాగలేదంటే పట్నం పిచ్చి దవాఖానకు తోలుతరు. కడుపునొప్పని చెప్పు."

చెప్పాను. ఆముదం తాగించారు. మూడుసార్లు అదే అబద్ధం చెప్పాను, మూడుసార్లూ అదే ఆముదం. లేని కడుపునొప్పి చివరికి నిజంగానే వచ్చింది.

మూడోసారి అక్కడి కాంపౌండరు నన్ను పక్కకు పిలిచాడు. "కడుపునొప్పి అంటవు, చెయ్యేమో తల మీద పెట్టుకుంటవు. వనపర్తిల ఒక డాక్టరున్నడు. మైసూరు దిక్కు మానసిక దవాఖానల పనిచేసి సొంతూరికొచ్చిండు. సైకియాట్రిస్టంటరు."

"అంటే ఏం జేస్తడు?" అని నా వెనకే వచ్చిన లక్ష్మమ్మ అడిగింది.

"నాకూ సరిగ తెల్వదమ్మా. కట్టెయ్యడైతే."

బీచుపల్లి దగ్గర పుట్టిలో, ఆ గుండ్రటి తోలుపడవలో, కృష్ణ దాటాము. "గొలుసులు గిట్ల కనబడితే మళ్లీ పుట్టి దాక ఉరుకుదాం బావా," అన్నాడు సాయన్న. నాకు నవ్వు రాలేదు. అక్కడే ఉంచేస్తారేమో, మళ్లీ ఈ నది దాటుతానో లేదో అని నీళ్లవైపే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరింట్లో గొలుసుల్లేవు. బల్ల, నాలుగు కుర్చీలు. ఆయన పల్స్ చూశారు, కళ్లు చూశారు, చిన్న సుత్తితో మోకాలి మీద తట్టి రిఫ్లెక్స్ చూశారు.

లక్ష్మమ్మ ఉండబట్టలేకపోయింది. "మనసు మోకాలుల ఉంటదా సాబూ?"

"లేదమ్మా. ఒంట్ల వేరే రోగముండి, మనసు రోగం వేషం కట్టిందేమో చూస్తున్న. ముందు అది చూసుడే మా పని."

తర్వాత నిద్ర, ఆకలి, పాత పని గురించి అడిగారు. చివరికి అంతే మామూలుగా అడిగారు. "చచ్చిపోవాలనిపించిందా?"

"ఒకసారి," అన్నాను. ఆ మాట లక్ష్మమ్మ అప్పుడే మొదటిసారి వినడం. నా పంచె కొంగు పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

రెండో చేత్తో ఆమే సంచిలోంచి నా డైరీ తీసి ఇచ్చింది. మూడు నెలల పుటలు తిప్పి డాక్టరు తలెత్తారు.

"గుమాస్తాగారూ, మీరు ఒక్క చెడ్డరోజుకు నకళ్లు తీసుకుంట పోతుండ్రు. దీన్ని మెలాంకోలియా అంటం, మనసు కుంగిపోవుడు. దయ్యం గాదు, బద్ధకం గాదు. రోగం. తగ్గే రోగం."

నిద్రకు కొన్నాళ్లు బ్రోమైడ్ మిక్స్చర్ ఇచ్చారు. పొద్దున నడవాలి. పదిహేను రోజులకొకసారి వచ్చి మాట్లాడాలి. డైరీలో రోజూ నిన్న లేని సంగతి ఒక్కటి రాయాలి, తోచకపోతే లక్ష్మమ్మ చెప్పాలి.

"నాకు రాత రాదు సాబూ."

"నోరున్నది గదమ్మా."

"గది మాత్రం తక్కువలేదు," అన్నాడు సాయన్న.

లక్ష్మమ్మ ఆ పనిని అధికారంగా తీసుకుంది. "రాయి: బర్రె తన్నింది. రాయి: సాయన్న చెప్పు కుక్క ఎత్తుకపోయింది, ఒంటి చెప్పుతోనే సంతకు పోయిండు." ఆ రెండోది రాస్తూ నవ్వాను. నెలల తర్వాత నా నవ్వు నాకే వినిపించింది.

వానాకాలంలో బాగయిపోయిందనుకుని వనపర్తి పోవడం మానేశాను, నా పుట నేనే రాసుకుంటానన్నాను. ఆరు రోజులు మళ్లీ "పైప్రకారమే". చదువు రాని లక్ష్మమ్మ డైరీ తిప్పి చూసి అడిగింది. "పుటలన్నీ ఒక్క తీరే కనబడుతున్నయి. ఏందిది?"

ఏరు తగ్గగానే నన్ను పుట్టి ఎక్కించింది. నేను సిగ్గుపడుతుంటే డాక్టరు అన్నారు. "జ్వరం తిరగబెడితే సిగ్గుపడుతరా? గిదీ గంతే."

ఇది జరిగి రెండేళ్లు. ఇప్పుడు ఏ సంగతి రాయాలని ప్రతి సాయంత్రం ఇద్దరం వాదులాడుకుంటాము. ఈమధ్య ఆమెకు అక్షరాలు నేర్పుతున్నాను. నిన్నటి పుట ఆమే రాసింది: "గీయన రెండుసార్లు అన్నం పెట్టించుకుండు."

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. నిద్ర ఎన్నడు తప్పిందో, తిండి ఎన్నడు తగ్గిందో కాగితం మీద రాసుకుని, మిమ్మల్ని రోజూ చూసే మనిషిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఉన్న బాధ ఉన్నట్టు చెప్పండి. కడుపునొప్పని చెబితే ఆముదమే దొరుకుతుంది.