అత్త కాళ్లకు చోటు

నా తప్పు నేనే రాయాలని ఎవరిచేతా రాయించలేదు. అరవై దాటాక మనవరాలు పలక పట్టించింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అది నిజాం కాలం. అమీర్‌పేటలో మా ముందరి గదిలో, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంత ఉండేది. మామ పోయాక మగ్గం తీసేశాం. అయినా మా అత్త రోజూ గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి జారవిడిచి బియ్యం ఏరేది. ఏరినంతసేపూ ఆమె పాదాలు మగ్గం తొక్కుతున్నట్టే కదిలేవి.

ఇల్లు అమ్మాలనుకున్నాం. ఇంట్లో గుంత చూస్తే కొనేవాళ్లు వెనక్కి పోతారని భయపడ్డాను. అత్త పంజాగుట్టలో కూతురింటికి పోయిన రోజు, ఆమెను అడగకుండానే గుంతను మట్టితో నింపి, పేడతో అలికి, ముగ్గు కూడా పెట్టాను.

తిరిగొచ్చిన అత్త చాట పట్టుకుని అలవాటు చోటున కూర్చుంది. కాళ్లు చాపింది, ముడిచింది, మళ్లీ చాపింది.

"మస్తు నున్నగ చేసినవు పిల్లా. మరి నా కాళ్లేడ పెట్టుకోవాలె?"

"ఇల్లే అమ్ముతున్నం గద అత్తమ్మా!"

"అమ్మినంక గద. అందాక నేనీడ్నే ఉంట గద!"

నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు బియ్యం ఏరలేదు. చాట నా చేతికిచ్చి లేచి లోపలికి వెళ్లింది.

మరునాడు ఆమె నిద్ర లేవకముందే గడ్డపార తెచ్చి, నేను పెట్టిన ముగ్గు మీదే మొదటి పోటు వేశాను.