పావు తిప్పు

షార్జా పొలిమేరలో నేను పనిచేసే షూటింగ్ క్లబ్బు వర్క్‌షాపులో ఒక రిజిస్టరు ఉంది. 2022 మొదట్లో ఒక వేట తుపాకికి కొత్త ట్రిగ్గర్ బిగించినట్టు అందులో ఒక వరుస ఉంటుంది. పక్కన పని చేసినవాడి సంతకం. అది నా సంతకం కాదు. కానీ ఆ ట్రిగ్గర్‌లో చివరిసారి స్క్రూ తిప్పింది నేను. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఒక మంచి పనివాడు తన చెయ్యి చెడిపోయిందని నమ్మి పని మానేశాడు కాబట్టి, ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా లైబ్రరీ చదువు. సెలవు రోజున అల్ నహ్దాలో మా గది నుంచి బస్సెక్కి లైబ్రరీకి పోయేవాణ్ణి. కరోనా తర్వాత మాస్కు పెట్టుకుని, ముందుగా వేళ రాయించుకుని మరీ పోయాను. తుపాకుల యంత్రాంగం మీద ఒక లావుపాటి పాత ఇంగ్లీషు పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని మూడుసార్లు చదివాను. బొమ్మలన్నీ నోటుబుక్కులో దించుకున్నాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

వర్క్‌షాపు పెద్దను క్లబ్బులో అందరూ ఉస్తాద్ అనేవారు. నేను బాబాయ్ అనేవాణ్ణి. జగిత్యాల వైపు మనిషి. ఇరవై ఏళ్లకు పైగా అదే బల్ల ముందు కూర్చున్నారు. సంతకం తప్ప చదువు రాదు. కొత్త సామానుతో వచ్చే కాగితం నేను చదివి చెబితే ఆయన చేసేవారు.

ఆ తుపాకి ఒక అరబ్బు షేక్‌ది. ఏటా వేటకు బయటి దేశాలకు పోయేవాడు. కంపెనీ ట్రిగ్గర్ లాగడానికి బరువుగా ఉందని వేరే కంపెనీది కొనుక్కొచ్చాడు.

"ఏం పంతులూ, ఏమంటున్నది కాయితం?" అన్నారు బాబాయ్.

"ఎర్రరంగు పూసిన స్క్రూ ముట్టుకోవద్దంటోంది బాబాయ్. రెండోదొక్కటే తిప్పాలంట."

"ముట్టద్దంటే ముట్టకపాయె. మనకేం దూల?"

ఆయన ముందు వెనక మూతలా ఉండే బోల్టు బయటికి లాగి, గుండు ఉండే గదిలోకి లైటు వేసి చూశారు. చిటికెన వేలు పెట్టి తడిమారు. తర్వాత నా వైపు తిప్పారు. "నువ్వు గూడ సూడు. నా కండ్ల మీద ఇడువకు." అప్పుడు తుపాకి కట్టె విప్పి, పాత ట్రిగ్గర్‌ను పట్టి ఉంచిన మేకును మెల్లగా బయటికి తోసి, కొత్తది కూర్చోబెట్టారు. ఒకచోట కట్టె తగులుతోంది. ఉలితో గోరు మందాన చెక్కి, మళ్లీ పెట్టి, మళ్లీ చెక్కారు. ట్రిగ్గర్ దేనికీ రాసుకోకుండా తనంతట తాను వెనక్కి వచ్చేదాకా చెక్కారు. లాగుడు బరువును తూకం కొక్కెంతో చూసి, కాగితం చెప్పిన హద్దు లోపలే ఆపారు.

ఆ తర్వాత పరీక్ష. ఖాళీ తుపాకిని ఎక్కుపెట్టి, రబ్బరు సుత్తితో కట్టెను అన్ని వైపులా కొట్టడం. బోల్టును విసురుగా పదేపదే మూయడం. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదిలి, సేఫ్టీ తియ్యడం. ఇన్నిటిలో ఎక్కడా గుండును పేల్చే పిన్ను పడకూడదు. "ఏ స్క్రూ తిరిగినా లెక్క మళ్ల ఒకటికెళ్లి" అనేవారు. ఆ రోజు అన్నిటికీ నిలబడింది. రబ్బరు సుత్తి నా చేతికిచ్చి, "కట్టె గట్టిగ బిగియ్యి, బిగిచ్చినంక ఇంకోపారి కొట్టి సూడు. నేను చాయ్ తాగొస్త" అని వెళ్లారు.

ఒక్కణ్ణే ఉన్నాను. ట్రిగ్గర్ లాగి చూశాను. తెగేముందు, అంటే పిన్నును వదిలేముందు, సన్నగా గీరినట్టు చిన్న నడక. ట్రిగ్గర్ లోపల ఒక ఉక్కు మెట్టు ఇంకో మెట్టు మీద ఆనుకుని ఉంటుంది. ఆ ఆనిక తగ్గిస్తే ఆ నడక పోతుందని నా పుస్తకంలో ఉంది, అదే పనితనానికి గుర్తని కూడా ఉంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది చెప్పింది వేరే కాలపు ట్రిగ్గర్ గురించి. ఆ ఆనికను పెంచి తగ్గించేది ఎర్ర స్క్రూ. దాన్ని పావు తిప్పాను. మళ్లీ లాగితే చిటికె వేసినట్టు తెగింది. ఆ సంతోషంలో కట్టె బిగించాను. బయట షేక్ కారు ఇంజను ఆపకుండానే ఎదురుచూస్తున్నాడు. సుత్తి ముట్టలేదు.

బాబాయ్ వచ్చి, "ఖలాస్?" అన్నారు.

"ఖలాస్ బాబాయ్."

ఆయన అడిగింది పరీక్ష సంగతి. నేను చెప్పింది బిగింపు సంగతి. ఆయన సంతకం పెట్టారు.

షేక్ అక్కడే రేంజిలో మొదటి గుండు ఎక్కించి బోల్టు మూశాడు. వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకముందే, మూసిన అదురుకే పేలింది. గొట్టం ఇసుకదిబ్బ వైపే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. క్లబ్బు మేనేజరు, మేం ముదీర్ అనేవాళ్లం, పరుగున వచ్చాడు. కేకలు వేశాడు. ఆ ట్రిగ్గర్‌ను విప్పించి చెత్తలో వేయించాడు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

బాబాయ్ నన్ను పక్కకు పిలిచారు.

"నువ్వు కొట్టినప్పుడు నిల్చింది గద?"

"నిలబడింది బాబాయ్."

"గట్లయితే కట్టెనే తాకింది. నా ఉలి తప్పింది" అన్నారు.

ముదీర్ ఆయన్ని పొమ్మనలేదు. జాగ్రత్త అన్నాడంతే. బాబాయే నెల తిరగకుండా రాజీనామా ఇచ్చారు. "తుపాకి పని. చెయ్యి మీద నమ్మకం లేనోడు కూసోవద్దు" అన్నారు. ఆ బల్ల నాకిచ్చి ఊరికి పోయారు. నేను కూర్చున్నాను.

నా గదిలో ఉండే ఒకాయనది బాబాయ్ పక్క ఊరే. అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం వాళ్లు రమ్మన్నా ఆయన పోలేదని, ఇంట్లో తలుపు గడియ ఊడినా ఇంకొకర్ని పిలుస్తారని చెప్పాడు. అది విన్నాక కూడా రెండేళ్లు ఆగాను. ఎందుకు ఆగానంటే బల్ల పోతుందని, అంతకంటే, పుస్తకాలు చదివేవాడని నాకున్న పేరు పోతుందని.

చివరికి ఇదంతా రాసి, బాబాయ్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఎర్రదా?" అన్నారు, అంతా అయ్యాక.

"అవును బాబాయ్."

"నువ్వే సదివి చెప్తివి గదరా, ముట్టద్దని."

"చెప్పాను."

"నిల్చిందంటివి."

"అబద్ధం చెప్పాను బాబాయ్."

ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ముదీర్‌కు కూడా చెప్పాను. ఆయన ఏం చేస్తాడో ఇంకా తెలియదు.

పేర్లు రాయలేని ఉద్యోగం నాది. అందుకని మనుషులనే తలుచుకుంటాను. గొట్టం ఎప్పుడూ దిబ్బ వైపే ఉండాలని ప్రతివాడి వెంటా పడే రేంజి ఆఫీసరుకు కృతజ్ఞతలు. ఆయన చాదస్తం వల్ల ఒక ప్రాణం నిలిచింది. పాత పుస్తకంతో పాటు కొత్తది కూడా చదవమని అప్పుడే చెప్పిన లైబ్రరీ అమ్మాయికి. ఆమె మాట నేను వినలేదు. ఊరి కబురు దాచకుండా చెప్పిన గదిమిత్రుడికి. బాబాయ్ నంబరు ఇచ్చి, "మామకు కోపం తెచ్చే మాటైనా సరే, చెప్పెయ్యి అన్నా" అన్న ఆయన కోడలికి.

బాబాయ్‌కి కృతజ్ఞత చెప్పే అర్హత నాకు లేదు. ఇది ఆయన చదవలేరు కూడా. ఆ ఊళ్ల వైపు వారెవరైనా ఆయనకు చదివి వినిపిస్తే, ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి, రెండుసార్లు చదవండి: ఉలి ఎక్కడా తప్పలేదు.